పటము వెనుక నాలుగు మాటలు

(ఒక పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసపాఠము)



పాత యుద్ధవిమానముల ఛాయాచిత్రములను సేకరించి, ఒకరికొకరు చూపుకొని, వానినిగూర్చి గంటలతరబడి చర్చించువారు లోకమున పెక్కుమంది కలరు. ఇంగ్లండులో ఎయిర్-బ్రిటన్ అను అభిమానుల సంఘము 1948లోనే వెలసినది. మొదటి ప్రపంచయుద్ధమునాటి విమానములకే ప్రత్యేకముగా క్రాస్ అండ్ కాకేడ్ అను సంఘము 1970లో అచ్చటనే ఏర్పడినది. ఇది పొద్దుపోనివారి పని యని నవ్వువారును కలరు. ఇది నవ్వదగిన పని కాదనియు, ఆ పటములలో మనకును వాటా కలదనియు నేడు మీకు మనవి చేయదలచితిమి.

ఛాయాచిత్రము సాక్షివంటిది. అడిగినదానికే సమాధానము చెప్పును, అడుగనిది చెప్పదు. అడుగుటకు తెలిసినవారు కావలెను. ఒకరు విమానపు తోకదాపున వ్రాసిన సంఖ్యను చదువుదురు. వేరొకరు చక్రముల అమరికనుబట్టి విమానమేదో పోల్చెదరు. మూడవవారు వెనుక కనుపించు కొండవరుసను చూచి స్థలమును గుర్తించెదరు. నాలుగవవారి యింట తండ్రి వ్రాసికొన్న దినచర్యపుస్తకము తేదీని తేల్చును. పెట్టెలో దాచిన పటము ఒక్కరి సొత్తు. నలుగురిలో పెట్టిన పటము చరిత్ర.

దీనికి దూరపు నిదర్శనములు మనకక్కరలేదు. 1918లో బ్రిటిషు వైమానికదళములోని 110వ స్క్వాడ్రను ఫ్రాన్సునకు పోయెను. అప్పుడు దాని విమానములు డి.హెచ్. 9ఏ అను బాంబు విమానములు. వానికి ధనమిచ్చినవాడు హైదరాబాదు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. ప్రతి విమానముమీదను అది నిజాముగారి కానుక యని ఆంగ్లాక్షరములలో వ్రాసిరి. ఆ దళమునకు హైదరాబాదు దళమను పేరు స్థిరపడెను. వానిలో ఎఫ్ 1010 అను సంఖ్యగల విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడికి పోయి శత్రువులకు చిక్కెను. అందలి వైమానికు లిరువురును బందీలైరి. జర్మనులు దానిని విజయచిహ్నముగా బెర్లినులోని ప్రదర్శనశాలలో నుంచిరి. రెండవ యుద్ధమున ఆ నగరముపై బాంబులు కురియుచుండగా ప్రదర్శనశాలలోని విమానములు కొన్ని తూర్పునకు తరలింపబడెను. యుద్ధానంతరము మన విమానము పోలండులోని క్రాకో నగరమున తేలెను. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైరు విమానమును బదులిచ్చి దీనిని తెచ్చుకొనిరి. రెక్కలు పోయిన ఆ విమానమునకు క్రొత్త రెక్కలు కట్టి లండనులోని రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియములో నిలిపిరి.

ఆ విమానపు పటమును చూచినపుడు పరదేశములోని అభిమాని దాని యంత్రమును చూచును, రంగును చూచును. మనము దానిమీది అక్షరములను చూడవలెను. అవి నిజాముగారి పేరు చెప్పును. నిజాముగారి బొక్కసములోనికి ధనమెచ్చటినుండి వచ్చెనో చెప్పవు. తెలంగాణపు రైతును, మరాట్వాడా రైతును, కన్నడసీమ రైతును కట్టిన శిస్తు ఆ బొక్కసమునకు ఆధారము. ఎన్నడును విమానమును కన్నులజూడని పల్లెల కష్టార్జితము ఫ్రాన్సు ఆకాశమున నెగిరెను. దాత పేరు విమానముమీద నున్నది. పంట పండించినవాని పేరు ఎచ్చటను లేదు.

రెండవ యుద్ధమునను ఈ కథయే జరిగెను. 1940లో ఇంగ్లండును కాపాడిన దళములలో 152వది హైదరాబాదు పేరును, 253వది హైదరాబాదు సంస్థానపు పేరును ధరించెను. 152వ దళపు చిహ్నములో నిజాము తలపాగయే కలదు. 79వ, 264వ దళములకు మదరాసు ప్రెసిడెన్సీ పేరుండెను. సర్కారు జిల్లాలును రాయలసీమయు అప్పుడు ఆ రాజధానిలోనివే కదా! 1939 సెప్టెంబరున మన ప్రతినిధులను సంప్రదింపకయే వైస్రాయి మనదేశమును యుద్ధమున దింపెను. సమ్మతి నడుగలేదు, సొమ్ము మాత్రము కావలసివచ్చెను. ఆ విమానముల పటములు పరదేశములో చేతులు మారుచున్నవి. వానిపై మన ఊళ్ల పేర్లెందుకున్నవో చెప్పవలసినవారము మనమే.

ఐతే పటమును చూచినంతనే నమ్మరాదు. పటము అబద్ధమాడదని మనవారనుకొందురు, అది పొరపాటు. ఆర్థోక్రొమాటిక్ అను పాత ఫిల్ముమీద ఎఱుపు నలుపుగా పడును, నీలము తెల్లబారును. తెలియనివాడు ఎఱ్ఱని గీతను నల్లనిదని వ్రాయును. తరువాతివాడు ఆ మాటనే నకలు వ్రాయును. మూడవతరమున అది శాస్త్రమై కూర్చుండును. యుద్ధకాలమున పత్రికలకిచ్చిన పటములపై గూఢసంఖ్యలను అధికారులు చెరపివేయుటయు కలదు. కాబట్టి ఒక పటమును మఱియొక పటముతో సరిపోల్చవలెను. తూర్పురంగమున జపానువారి ఎఱ్ఱని సూర్యబింబముతో భ్రమ కలుగకుండుటకై మిత్రపక్షమువారు తమ వలయచిహ్నమునుండి ఎఱుపును తీసివేసిరి. స్వాతంత్ర్యానంతరము మన విమానములపై కొంతకాలము చక్రము వెలసెను. 1950నుండి మూడురంగుల వలయము వచ్చెను. ఈ సంగతి తెలిసినవానికి తేదీలేని పటముకూడ తన కాలమును తాను చెప్పును.

ఇక మన స్వంత వైమానికదళమును తలపోయుదము. అది 1932 అక్టోబరు 8వ తేదీన శాసనపూర్వకముగా నేర్పడెను. 1933 ఏప్రిలు 1వ తేదీన కరాచీదాపున డ్రిగ్‌రోడ్డులో వాపిటీ విమానములతో మొదటి స్క్వాడ్రను వెలసెను. సుబ్రతో ముఖర్జీ మొదలగు తొలి వైమానికుల పేర్లు గ్రంథములకెక్కినవి. వారితోబాటు యంత్రములను కనిపెట్టుకొనియుండిన హవాయి సిపాయిలు ఎందరో! వారి చేతులు లేనిదే ఆ విమానములు నేల విడువవు. పటమున వారు రెక్కక్రింద నిలిచియుందురు. పటము క్రింద వారి పేర్లుండుట అరుదు.

కాన్పూరు ముచ్చట వినుడు. యుద్ధము ముగియగా అమెరికాలో తయారైన లిబరేటరు అను పెద్ద బాంబు విమానములను అచ్చట పాడుచేసి విడిచిపోయిరి. అవి ఇక నెగురవని తలచిరి. 1948లో హిందూస్థాన్ విమాన కర్మాగారపు పనివారు వానిని అతుకులువేసి, బాగుచేసి, బెంగుళూరునకు ఎగురవేసికొనిపోయిరి. అవి మన దళమున 1968 వరకును కొలువుచేసెను. అందొకటి 1974లో బ్రిటనుకు చేరి అచ్చటి మ్యూజియములో నిలిచినది. విమానపు సంఖ్యయు ప్రయాణమును అభిమానులు లెక్కగా చెప్పగలరు. దానిని బ్రతికించిన పనివాని పేరడిగిన చెప్పువారేరి? ఆ పేరు ఏ యింటి గోడమీది పటములోనో నిలిచియుండవచ్చును. ఆ పటము క్రిందబడి పగులువరకే దానికి ఆయువు.

యుద్ధవిమానములను మెచ్చుకొనుట హింసను మెచ్చుకొనుట కాదా యని కొందరు మిత్రులు శంకింతురు. ఈ శంక తోసివేయదగినది కాదు. బాంబు విమానపు పటములో దాని క్రింద కాలిన ఊరు కనబడదు. దానిని మరచి యంత్రసౌందర్యమునే కొనియాడువాడు సగమే చూచినవాడు. అందుచేతనే చర్చ కావలెను. విమానమెచ్చటికి పోయినది, ఎవరిమీద పడినది, ఎవరు తిరిగిరాలేదు అని అడుగువాడు సభలో నొకడైన నుండవలెను. పటములను దాచివేసిన యుద్ధములు మాయమైపోవు. యుద్ధముల లెక్కలు మాత్రము మాయమగును.

నేడింకొక భయము కలదు. ఎన్నడును జరుగని దృశ్యమునకు నిజమైన పటపు రూపమిచ్చు యంత్రములు మన చేతులలోనికి వచ్చినవి. నలుపుతెలుపుల పటమునకు తోచిన రంగులద్ది, అదియే నిజమనుటయు సామాన్యమైనది. కల్ల విస్తారముగా పుట్టుచున్న ఈ కాలమున, ఊరు పేరు తేదీలతో వచ్చిన పాతపటపు విలువ నానాటికి హెచ్చుచున్నది.

కాబట్టి మా ప్రార్థన స్వల్పము. మీ యిండ్లలో తండ్రులో తాతలో వైమానికదళమున పనిచేసినవారుండిన, వారి పటములను వెలికి తీయుడు. వారు జీవించియుండగనే ప్రక్కన కూర్చుండి పేర్లడుగుడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు మాటలు వ్రాయుడు: ఎవరు, ఎచ్చట, ఎన్నడు, ఎవరు చెప్పిరి. అంచులు కత్తిరింపకుడు, అంచుననే సాక్ష్యముండును. ఇతరులకు నకలు చూపుడు, అసలును భద్రపరచుడు. ఇతరుల పటమును చూపునపుడు వారి పేరు చెప్పుట మరువకుడు. తెలిసినది తెలిసినట్లును, ఊహించినది ఊహయనియు వేరువేరుగ వ్రాయుడు. మీ మాట తప్పని మఱియొకరు నిరూపించిన, దిద్దుకొని వారికి నమస్కరింపుడు. అభిమానుల గోష్ఠికి ప్రాణము ఈ మర్యాదయే.

ఎఫ్ 1010 మూడు దేశములు తిరిగియు తన పేరును పోగొట్టుకొనలేదు. దానిపై వ్రాసినవారును, ఆ వ్రాతను చదివినవారును ఉండుటచేతనే ఆ భాగ్యము కలిగినది. మన పనివారికిని, మన సిపాయిలకును ఆ మాత్రపు భాగ్యమైనను దక్కవలదా? పెన్సిలు మీ చేతిలోనే యున్నది.