వణుకు నిలిచిన తరువాత



మా మేనమామకు పదకొండేళ్లుగా వణుకు జబ్బు. డాక్టర్లు పార్కిన్సన్స్ అంటారు. మా ధర్మపురి వైపు తమిళంలో నడుక్కువాదం అంటారు. పాలక్కోడు దగ్గర మామిడితోట పెంచిన మనిషి, చివరికి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే పోసుకునేవాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వచ్చే జబ్బు ఇది. లెవోడోపా మాత్రలు కొన్నేళ్లు చక్కగా పనిచేశాయి. తరువాత తరువాత మాత్ర ఎక్కినప్పుడు ఒళ్లు మెలికలు తిరిగేది, దాని బలం తగ్గగానే కొయ్యలాగా బిగుసుకుపోయేది. అప్పుడు ఒక నగరంలో ఆయనకు మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్ చేయించాము.

ఈ చికిత్స పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. 1987లో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే శస్త్రవైద్యుడు, ఆయన తోటివారు దీనికి దారి వేశారు. మన దేశంలో బెంగుళూరు నిమ్హాన్స్, హైదరాబాదు నిమ్స్ వంటి చోట్ల చేస్తారు. పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి సన్నని తీగలు లోపలికి దించుతారు. ఛాతీపైన చర్మం కింద బ్యాటరీ పెడతారు. ఇది జబ్బును మాన్పదు. లోపల జబ్బు తన దారిన తాను పెరుగుతూనే ఉంటుంది. అయితే వణుకు, బిగువు తగ్గుతాయి, చాలామందికి మాత్రలు కూడా తగ్గుతాయి. అది చిన్న మేలు కాదు. మామ తన చేత్తో అన్నం కలుపుకొని తిన్ననాడు ఇంటిల్లిపాదీ ఏడ్చాము.

నేను చెప్పదలచుకున్నది ఆ తరువాతి సంగతి.

రెండు నెలలకు అత్త ఫోను చేసింది. "చేయి నిలిచింది గానీ మనిషి మారిపోయినాడప్పా" అంది. గొంతు సన్నగిల్లి, మాట ముద్దముద్దగా వస్తోందట. రాత్రి నిద్ర లేదు. పైగా ఎన్నడూ లేని హుషారు! పైసా అప్పు చేయని మనిషి సంతలో ఆరు మేకలు కొని, మరునాడు పాత ట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. వద్దన్న అత్త మీద చేయెత్తబోయాడు. సిగ్గుపడి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనేమన్నాను? "పదకొండేళ్లు కష్టపడ్డాడు, కొన్నాళ్లు సరదా పడనీ అత్తా" అన్నాను. బడిలో ఒక పిల్లవాడి నడత మారితే వెంటనే తల్లిదండ్రులను పిలిపించే నేను, ఇంట్లో మనిషి విషయంలో అంతమాత్రం ఆలోచించలేదు.

సంగతేమిటంటే, మామకు తీగ పెట్టిన చోటు సబ్‌థాలమిక్ కేంద్రం. చిక్కుడు గింజకంటే చిన్నది. కదలికలతోపాటు మనసుకు, కోరికలకు సంబంధించిన దారులు కూడా అందులోనే ఉన్నాయి. మాటను నడిపే నరాలు దాని పక్కనుంచే పోతాయి. మడికి కట్టిన నీరు గట్టు పొర్లితే పక్క మడి తడుస్తుంది కదా, కరెంటూ అంతే. ఒకరికి మాట తడబడుతుంది, మరొకరికి అడుగు తూలుతుంది, ఇంకొకరికి కనురెప్ప తెరుచుకోదు. కొందరికి హద్దుమీరిన ఉత్సాహం. మరికొందరికి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. చనిపోవాలనే ఆలోచన కూడా రావచ్చు. మాత్రలు మరీ త్వరగా తగ్గించినా దిగులు వస్తుంది. అటువంటి మాట నోటినుండి వస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

అత్తను వెంటబెట్టుకొని ఆస్పత్రికి వెళ్లాము. డాక్టరు ముందు మామ "నేను బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు అలాగే ఉంది! మేకల సంగతి అత్త చెప్పాకే డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. కత్తి పెట్టలేదు, కుట్టు వేయలేదు. చేతిలోని యంత్రంతో కరెంటు కొంత తగ్గించి, తీగ కొసన ఉన్న నాలుగు స్పర్శబిందువులలో ఒకటి మార్చి మరొకటి పెట్టారు. మూడుసార్లు తిరిగాక నిద్ర వచ్చింది, కోపం దిగింది. మాట సగం తేరుకుంది. కుడిచేతి వణుకు మాత్రం కొంచెం తిరిగి వచ్చింది. ఏది ఎంత కావాలో డాక్టరు మామనే అడిగారు. "మాట ఉండనీండి, కాఫీ కొంచెం ఒలికితే ఒలకనీ" అన్నాడాయన.

ఆపరేషన్‌కు ముందు మా చేత సంతకం పెట్టించిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో మెదడులో రక్తస్రావం, చీము పట్టడం, తీగ తెగడం, అన్నీ రాసే ఉన్నాయి. రక్తస్రావం కొద్దిమందికే జరుగుతుంది, జరిగితే మాత్రం పక్షవాతం వరకు పోవచ్చు. నేను బి.ఎడ్. చదివినవాణ్ణి, అయినా చదవకుండా పెట్టాను. మీరు చదివించి, తెలుగులోనో తమిళంలోనో చెప్పించుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ వారు డయాథర్మీ అనే వేడి వైద్యం ఇస్తుంటారు. మెదడులో తీగలున్నవారికి అది పనికిరాదు, ప్రాణాలే పోవచ్చు. ఎం.ఆర్.ఐ. తీయించాలన్నా ముందు ఆపరేషన్ చేసిన చోట అడగాలి. బ్యాటరీ హఠాత్తుగా అయిపోతే పాత బిగువంతా ఒక్కసారి తిరగబడుతుంది.

మామకు ఈత ప్రాణం. తోట బావిలోనే మాకందరికీ నేర్పాడు. చేయి నిలిచింది కదా అని నిరుటి వేసవిలో దూకబోతే అత్త ఆపింది. ఆపడమే మంచిదయింది. స్విట్జర్లాండులోని జూరిక్ వైద్యులు 2019లో తొమ్మిది మంది రోగుల గురించి రాశారు. అందరూ మంచి ఈతగాళ్లే. ఈ చికిత్స తరువాత వణుకు తగ్గింది కానీ నీటిలో కాళ్లూ చేతులూ పొందిక తప్పాయి. ఒకరు మునిగిపోబోతే పక్కవారు కాపాడవలసివచ్చింది.

ఇప్పుడు బావి మెట్లకు అత్త ఇనుప గేటు పెట్టించింది. తాళంచెవి ఆమె కొంగున ఉంటుంది. మామ ఒడ్డున కూర్చొని మనుమలకు ఈత నేర్పుతున్నాడు, ఆ సగం తేరుకున్న గొంతుతోనే.