“ఇవాళ సెంట్రింగ్ విప్పొద్దు”: పాతబస్తీలో సైట్ ఇన్‌ఛార్జ్ ఉద్యోగం



సూపరింటెండెంట్ అనగానే మనకి ఉస్మానియా హాస్పిటల్ సూపరింటెండెంటో, జైలు సూపరింటెండెంటో గుర్తొస్తారు. అమెరికాలో అయితే కన్‌స్ట్రక్షన్ సైట్‌ని రోజూ దగ్గరుండి నడిపించే మనిషిని కూడా సూపరింటెండెంట్ అనే అంటారు. మన దగ్గర ఆయనే సైట్ ఇన్‌ఛార్జ్. చిన్న సైట్‌లో అయితే సైట్ ఇంజినీరే అన్నీ. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఉద్యోగం గురించి.

నేనూ, నా ఫ్రెండూ ఒకే కాలేజీలో బీటెక్. నేను సీఎస్‌ఈ, వాడు సివిల్. వాడు పత్తర్‌గట్టి వెనక ఒక గల్లీలో షాపింగ్ కాంప్లెక్స్ సైట్ చూస్తున్నప్పుడు నేను చాలాసార్లు వెళ్లి కూర్చున్నా. వాడి పేరు, సైట్ పేరు చెప్పను.

మొదట నాకు అర్థమైంది ఏంటంటే, పాతబస్తీలో సైట్ నడపాలంటే డ్రాయింగ్ తెలిస్తే చాలదు, క్యాలెండర్ కూడా తెలియాలి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు. మొహర్రంలో డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు. గణేశ్ నిమజ్జనం రోజు బాలాపూర్ శోభాయాత్ర చార్మినార్ మీదుగానే వెళ్తుంది. ఆ రోజుల్లో స్లాబ్ పెట్టుకుంటే మెటీరియల్ బండి దారిలోనే ఆగిపోతుంది.

రెడీమిక్స్ లారీతో ఇంకో తలనొప్పి. ప్లాంట్‌లో లోడ్ చేసిన 2 గంటల్లోపు కాంక్రీట్ దింపెయ్యాలని రూల్. గల్లీలోకి లారీ రాదు. అందుకే షాపులు మూసేశాక, అర్ధరాత్రి మెయిన్ రోడ్డు మీద లారీ ఆపి, పైపులు వేసి పంప్ చేశారు. కాంక్రీట్ కాస్త గట్టిపడగానే పైపు పట్టుకున్నవాళ్లు “నీళ్లు కొట్టు భాయ్” అంటారు. నీళ్లు కలిపితే పని ఈజీ అవుతుంది, కానీ స్లాబ్ బలం పోతుంది. మావాడు తెల్లారేదాకా లారీ పక్కన నిలబడింది ఆ ఒక్క మాట ఆపడానికే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

స్లాబ్ వేసి 10 రోజులైంది. పొద్దున్నే ఓనర్ వచ్చారు. రంజాన్ దగ్గర పడుతోంది. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల ఎంత గిరాకీ ఉంటుందో మీకు తెలుసు. ఆ నెల పోతే షాపు తీసుకున్నవాళ్లకి ఏడాది సీజన్ పోయినట్టే. “బేటా, కింద జాకీలు తీసెయ్, టైల్స్ పని మొదలుపెడదాం” అన్నారు.

సెంట్రింగ్ మేస్త్రీ కూడా అదే మాట. ఆయనది పాలమూరు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో డ్యాములకి, కాలువలకి మట్టి మోసింది పాలమూరు కూలీలే. ఊళ్లో అడ్వాన్స్ తీసుకుని, అది తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటల్లా పనిచేసినవాళ్లు. ఈయన వాళ్లలోంచి పైకొచ్చిన మనిషి. ఆయన ప్లేట్లు, జాకీలు ఇక్కడ ఇరుక్కుంటే ఇంకో సైట్‌లో పని ఆగిపోతుంది. “సార్, ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. పది రోజులు మస్తు” అన్నాడు. కాంట్రాక్టర్‌కేమో తర్వాతి బిల్లు కావాలి.

అంటే ముగ్గురికీ తొందరే. ముగ్గురి కారణాలూ నిజమైనవే. వద్దనేది ఒక్కడు. వాడికి 27 ఏళ్లు, అందరికంటే చిన్నోడు.

రూల్ ఏం చెబుతుందంటే, ఐఎస్ 456 అని మన దేశంలో కాంక్రీట్ పనికి ఒక కోడ్ ఉంది. మామూలు ఓపీసీ సిమెంటుతో 4.5 మీటర్లలోపు స్లాబ్ అయితే జాకీలు కనీసం 7 రోజులు ఉంచాలి. అది దాటితే 14 రోజులు. బీమ్ 6 మీటర్లలోపు ఉంటే 14 రోజులు, దాటితే 21 రోజులు. వేరే సిమెంటు వాడితే ఈ లెక్క మారుతుంది. మేస్త్రీ చెప్పిన 10 రోజులు చిన్న స్లాబ్‌కి సరిపోతాయి. ఆయన అనుభవం అబద్ధం కాదు. కానీ ఇక్కడ వెనక హాల్లో బీమ్ 7 మీటర్లు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు కోడ్ పంపితే మేం రోల్‌బ్యాక్ చేస్తాం, సారీ మెయిల్ పెడతాం. ఇక్కడ కింద టైల్స్ వేసేవాళ్లు ఉంటారు. స్లాబ్‌కి రోల్‌బ్యాక్ లేదు.

మావాడు గొడవ పడలేదు. డ్రాయింగ్ తెచ్చి నేల మీద పరిచాడు. “చాచా, ముందున్న షాపుల్లో స్లాబ్ 4 మీటర్లు, బీమ్ 5 మీటర్లు. 14వ రోజు పొద్దున్న అవి మీకు ఇచ్చేస్తా. వెనక హాలు మాత్రం 21వ రోజు. అప్పటిదాకా పైన ఇటుకలు కూడా పెట్టనివ్వను” అన్నాడు. మేస్త్రీతో, “కాకా, ముందు షాపుల ప్లేట్లు 14వ రోజు తీసుకుపో, మిగతావాటికి ఆగిన రోజుల కిరాయి కాంట్రాక్టర్‌తో నేను మాట్లాడతా” అన్నాడు. తేదీలన్నీ సైట్ రిజిస్టర్‌లో రాసి, ఓనర్‌తో సంతకం పెట్టించాడు.

ఓనర్ చాలాసేపు కోపంగానే ఉన్నారు. వేరే ఇంజినీర్‌ని పెట్టుకుంటానని కూడా అన్నారు. చివరికి చాయ్ తెప్పించి, సంతకం పెట్టారు. ముందు షాపులు సీజన్‌కి తెరుచుకున్నాయి. హాలు లేటైంది, కొంత నష్టం కూడా వచ్చింది. అది దాచను.

“ఉద్యోగం పోతే ఏం చేసేవాడివిరా?” అని అడిగా. “పోయుంటే ఇంకోటి వెతుక్కునేవాణ్ణి. సంతకం పెట్టి విప్పించాక ఏదైనా అయితే, రాత్రి నిద్ర ఎక్కడ వెతుక్కోను?” అన్నాడు.

సివిల్ చదివి సైట్‌లో చేరబోయే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. మేస్త్రీ దగ్గర పని నేర్చుకోండి, ఆయనకి మీకంటే ఎక్కువ తెలుసు. కానీ లెక్క మీరే వేయండి. స్లాబ్ వేసిన రోజే జాకీలు తీసే తేదీ గోడ మీద పెద్దగా రాయండి, అందరికీ కనబడేలా. వద్దని చెప్పాల్సి వస్తే, ఎప్పుడు అవుతుందో కూడా చెప్పండి. మావాడి మాట నిలబడింది అందుకే.

మీ ఇంట్లో ఎవరైనా సైట్ పని చేస్తుంటే, వాళ్లు ఏ పని ఆపించారో అడిగి కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.