నగర నిర్మాణం: ధాన్యకటకం చెప్పే పాఠం

 

అమరావతి స్తూపానికి చెందిన ఒక రాతిపలకపై చిన్న శాసనం ఉంది. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, చర్మకారుడు విధికుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఆ పలకను దానం చేశాడని అది చెబుతుంది. తోలుపని చేసే కుటుంబం తన పేరును, వృత్తిని మహాచైత్యంపై గౌరవంగా రాయించుకున్న కాలం ఈ నేలపై ఒకటుండేది. మనకు చరిత్ర లేదన్నవారికి ఆ పలకే సమాధానం. అదే పూర్ణఘట రూపం నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నంలో నిలిచింది.

ఆ పలక మనకు దక్కింది. దక్కనివి ఎన్నో! 18వ శతాబ్దపు చివరిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చి కొత్త పట్టణం నిర్మించారు. ఆ కట్టడాలకు కావలసిన ఇటుకలకు, రాళ్లకు దీపాలదిన్నె గనిగా మారింది. చెక్కిన పలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలకు చేరాయి. కాలిన్ మెకంజీ తన తొలి సందర్శన తరువాత 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డునే చెరువుగా తవ్వేశారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుండి లండనుకు చేరాయి. పట్టణం నిర్మించినవారికి దిబ్బపై ద్వేషమేమీ లేదు. అదేమిటో తెలుసుకోకముందే పలుగు దించారు. తప్పంతా అక్కడే ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ నాగార్జునకొండ. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. అంతకు ముందు సంవత్సరమే పురావస్తు శాఖ ఆ లోయలో విస్తృతంగా తవ్వకాలు ఆరంభించి 1960 వరకు కొనసాగించింది. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపులోన తిరిగి నిలిపారు. లోయ మునిగింది, ఆ నష్టం చిన్నది కాదు. పొలాలకు నీరు వచ్చింది, విజయపురి జ్ఞానమూ నిలిచింది. ముందు పరిశీలన, తరువాత నిర్మాణం అన్న క్రమమే ఈ రెండు కథల మధ్య తేడా.

నేడు ధాన్యకటకానికి దిగువన, కృష్ణాతీరంలోనే, అదే అమరావతి పేరుతో 217 చదరపు కిలోమీటర్ల రాజధాని రూపొందుతున్నది. దానికై రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. మనం నగరానికి వ్యతిరేకులం కాము. మన బిడ్డలకు ఉద్యోగాలు, కళాశాలలు, ఇళ్లు కావాలి. అయితే రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమని, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని చెప్పే కేంద్ర చట్టం, గుర్తింపు పొందని దిబ్బను కాపాడలేదు. అందుచేత రోడ్డు గీత గీయకముందే ప్రతి దిబ్బను, ప్రతి పాత ఇటుక వరుసను పటంలో గుర్తించాలి.

మరొక న్యాయం కూడా మనం మరువరాదు. నిషిద్ధ పరిధిలో ఉన్న పేదవాడు తన ఇంటి మరమ్మతుకు సైతం అనుమతి కోసం తిరగాలి. వారసత్వం అందరిదీ, దాని భారం మాత్రం అతనొక్కడిదీ కావడం ధమ్మం కాదు. అనుమతులు త్వరగా రావాలి. తరలవలసి వస్తే సమీపంలోనే తగిన స్థలం ఇవ్వాలి. అప్పుడే ఊరివారు స్తూపానికి కాపలాదారులవుతారు.

ఈ సభకు నా విన్నపం ఒక్కటే. పునాది తవ్వుతుండగా చెక్కిన రాయి గాని, పెద్ద ఇటుక గాని బయటపడితే దానిని కదల్చకండి, ఇంటికి తేకండి, రంగు పూసి పూజకు పెట్టకండి. ఉన్నచోటనే ఉంచి ఫోటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ రాతిపై మరొక విధికుని పేరు ఉండవచ్చు.

నమో బుద్ధాయ. జై భీమ్.