పొలిమేర దాటే ప్రచారం



ఎన్నికల ప్రచారం ఒకప్పుడు వీధిలో సాగేది. 1982లో నందమూరి తారక రామారావు చైతన్యరథమెక్కి పలికిన మాటలను వేలాది జనం ఒక్కచోట విన్నారు. ప్రత్యర్థులూ విన్నారు, బదులిచ్చారు. ఇంటర్నెట్ వచ్చాక ప్రచారం అరచేతిలోని ఫోనుకు చేరింది. ఒకరికి అందినది పొరుగువారికి అందకపోవచ్చు. అప్పుడు అసత్యం చేరినా ఖండించేవారుండరు.

ఈ ప్రమాదాన్ని ఎన్నికల సంఘం గుర్తించకపోలేదు. అభ్యర్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను వెల్లడించాలనీ, ఇంటర్నెట్ ప్రకటనలకు ముందుగా అనుమతి పొందాలనీ, ఆ వ్యయాన్ని లెక్కల్లో చూపాలనీ 2013 అక్టోబరులో ఆదేశించింది.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షను పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో ప్రచార సభలను నిషేధిస్తుంది. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవాలన్నదే దాని ఉద్దేశం. అయితే 2024 లోక్‌సభ ఎన్నికల్లో ధర్మాబాద్ చేరివున్న నాందేడ్ నియోజకవర్గానికి ఏప్రిల్ 26న పోలింగు జరిగింది. పొరుగునున్న నిజామాబాద్, ఆదిలాబాద్‌లకు మే 13న జరిగింది. ఇక్కడ మైకులు మూగబోయిన వేళ అక్కడ నామినేషన్ల సందడి. మైకు మోత పొలిమేరలో ఆగిపోతుంది; ఫోనులోని తెలుగు మాటకు పొలిమేర లేదు.

కనుక ఆ 48 గంటల ప్రశాంతతను ఓటరే కాపాడుకోవాలి. ఎవరు పంపారు, ఎప్పటి మాట, ఋజువేమిటి అని విచారించాకే ఇతరులకు పంపాలి. అక్షరాలు దిద్దించే తెలుగు బడి ఈ విచక్షణను కూడా అలవరచినప్పుడు, ఇక్కడి విద్యార్థి రేపు స్వతంత్రుడైన ఓటరు కాగలడు.