స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనికి పూనుకొను విద్యార్థులకు
(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్వేచ్ఛా సాఫ్ట్‌వేరనగా ఉచితమైనదని కాదు. దాని మూలమును ఎవరైనను చదివి, దిద్ది, పంచవచ్చును. 1991లో లైనక్సును ఆరంభించిననాడు టోర్వాల్డ్సు హెల్సింకీలో విద్యార్థియే.

ఆరంభముననే గొప్ప కార్యమునకు పూనుకొనవలదు. నిత్యము వాడుదానిలో ఒక దోషమును పట్టుడు. అది ఏ మెట్టున కలిగినదో, ఇతరులును చేసి చూచుకొనునట్లు వ్రాయుడు. సగము సేవ అదియే. దిద్దుబాటు తిరిగివచ్చినచో చిన్నబుచ్చుకొనరాదు. నా మొదటిది మూడుమార్లు తిరిగివచ్చినది.

రాజపాళయమున మన యిండ్లలో తెలుగు కలదు గాని, తమిళబడిలో చదివిన పెక్కుమందికి లిపి రాదు. గ్నోము, లిబ్రెఆఫీసుల తెలుగు అనువాదమునకు చేతులు కావలెను. లిపి నేర్చుటకు ఇంతకంటె మంచి నెపము నాకు తోచదు. 'సేవ్'నకు 'దాచు' అని వ్రాసితిరా, 'హైడ్'నకేమి వ్రాయుదురు? అవ్వ డబ్బును దాచును, ముఖమును దాచును. ఆమెనే అడిగి రండు.