దారి మేం చూసుకుంటాం, తొక్కడం ఆయన తొక్కుతారు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సేవ అనగానే మనకు రేషన్ కిట్లు, ఫీజులు, ఆసుపత్రి బిల్లులు గుర్తొస్తాయి. ఈ రోజు మేం చెప్పబోయేది ఒక సైకిల్ సంగతి. కాస్త ఓపిక పట్టండి.

ఆదివారాలు ఫజర్ నమాజు అయ్యాక మెహదీపట్నంలో కలిసి గండిపేట వైపు సైకిళ్ల మీద వెళ్లే బృందం మాది. అందులో అందరికంటే పెద్దాయన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. మాకందరికీ చాచా. ఆయన సరేనన్నారు కాబట్టే ఇది చెబుతున్నాం, పేరు మాత్రం వద్దన్నారు.

చెప్పిన మాటే మళ్లీ చెప్పడం ఆ వయసులో ఎవరికైనా ఉంటుంది. మాకు తేడా తెలిసింది నార్సింగి దగ్గర. ఏళ్లుగా తిరిగిన మలుపులో చాచా ఆగిపోయి, ఎటు వెళ్లాలని అడిగారు. తర్వాత చాయ్ డబ్బులకు చిల్లర లెక్కపెట్టలేక జేబులో ఉన్నదంతా బల్ల మీద పెట్టేశారు, లెక్కల మాస్టారు! ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపించారు. థైరాయిడ్ తేడా వచ్చినా, బి12 తగ్గినా మతిమరుపు రావచ్చు, వాటికి మందుంది. అందుకే ముందు ఆ పరీక్షలు, తర్వాత స్కానింగ్ చేశారు. చివరికి అల్జీమర్స్ అని, ఇంకా తొలి దశేనని తేలింది.

కొడుకు సైకిల్‌కు తాళం వేశాడు. "అబ్బాకు ఏమన్నా అయితే జవాబు ఎవరు చెబుతారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అతన్ని వెంటబెట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈ జబ్బు మొదట దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలను, దారి పోల్చుకునే శక్తిని. బ్యాలెన్స్, పెడలు తొక్కే అలవాటు మెదడులో వేరే చోట ఉంటాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. కానీ ఒకేసారి రెండు విషయాలు గమనించడం, ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం కష్టమవుతుంది. అంటే చాచా తొక్కగలరు, కూడలిలో నిర్ణయం తీసుకోలేరు. ఆ నిర్ణయం మా మీద వేసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాం.

రద్దీ రోడ్లు మానేశాం. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన, పైన సౌర ఫలకాల కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాకు ఉంది కదా, చాచాను, సైకిల్‌ను కారులో అక్కడికి తీసుకెళ్తాం. ఒకరు ముందు, ఒకరు ఆయన కుడి భుజానికి కాస్త వెనక. ప్రతివారం అదే దారి, అదే ఇద్దరు మనుషులు. "ఆగండి చాచా", "ఎడమకు చాచా", ఒకసారికి ఒక్క మాటే. "గుర్తులేదా?" అని ఎవరూ అడగకూడదు. జేబులో పేరు, కొడుకు ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంటుంది. మా లొకేషన్ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కనిపిస్తూ ఉంటుంది.

హెల్మెట్ లేకుండా ఇప్పుడు ఎవరినీ రానివ్వం. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో మనం మార్చుకోగలిగినవి 14 అని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. తలకు దెబ్బ వాటిలో ఒకటి. వినికిడి తగ్గడం, షుగర్, బీపీ, పొగతాగడం, కదలకుండా కూర్చోవడం కూడా ఉన్నాయి. ఇది విన్నాక మాలో ఇద్దరు చెవి పరీక్షకు వెళ్లొచ్చారు!

అసలు కష్టమైన పని వేరే ఉంది. ఎప్పుడు ఆపాలి? ఇంకా ఆలోచించి చెప్పగలిగిన రోజుల్లోనే చాచాతో కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఆగమన్నప్పుడు ఆగకపోతే, గీత దాటి పక్కకు పోతుంటే, ఒంటరిగా తొక్కడం బంద్. మూడోది ఆయనే చేర్చారు: "మా ఆవిడ వద్దన్న రోజు రాను." కింద సంతకం పెట్టారు.

రెండు నెలల క్రితం ట్రాకు చివర "ఆగండి" అని మూడుసార్లు అరిచినా చాచా ఆగలేదు. ముందున్న కుర్రాడు సైకిల్ అడ్డం పెట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాగితం తీసి చూపిస్తే, అలాంటిది తాను రాయలేదని చాలా కోపం చేశారు. మేం వాదించలేదు. ఆయన సంతకం కేసి చాలాసేపు చూసి, "చేతిరాత నాదేలే" అన్నారు. తాళంచెవి తానే కొడుకు చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఇద్దరు తొక్కే టాండెం సైకిల్ ఒకటి అద్దెకు తెస్తున్నాం. బ్రేకు, హ్యాండిల్ ముందున్నవాళ్ల చేతిలో. వెనక చాచా తొక్కుతారు, మాకంటే గట్టిగానే. చాయ్ దగ్గర చెప్పిన జోకే మళ్లీ చెబుతారు. భాభీకి ఆ మూడు గంటలు కాస్త ఊపిరి తీసుకునే సమయం.

మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. చాచాకు పెన్షన్ ఉంది, పట్టించుకునే కొడుకు ఉన్నాడు. మన బస్తీల్లో ఆటో నడిపే పెద్దాయనకు ఇదే వస్తే? "ముసలితనం, చాదస్తం" అని వదిలేస్తారు. అన్నట్టు, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని మన హైదరాబాద్‌లోనే 648 మంది రోగుల మీద చేసి, 2013లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకు సంతోషకరమే. ఆ ధీమాతో డాక్టరును మాత్రం తప్పించుకోకండి. ఎవరిని అడగాలో తోచకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ 14567 ఉంది.

దాతలను మేం అడిగేవి రెండు. ఒక టాండెం సైకిల్ సొంతంగా కొనాలి. డబ్బులేని కుటుంబాల పెద్దల రక్తపరీక్షలకు, స్కానింగ్‌కు కొంత నిధి విడిగా పెట్టాలి. మూడోది డబ్బుతో దొరకదు. టాండెం ముందు సీటుకు ఇప్పుడు మా దగ్గర ఇద్దరే ఉన్నారు. ఆదివారం ఉదయం మూడు గంటలు ఇవ్వగలవారు, మోకాళ్లు బాగున్నవారు, సమావేశం అయ్యాక మాతో మాట్లాడండి.