గేటు దాటి లోపలికి



ఈ పొద్దున ఈ సదస్సుకు ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో వచ్చాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ వస్తోందని ప్రకటన వినిపించింది. తలుపు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. వెంకటేశ్వర కాలేజీ పిల్లలే అయివుంటారు. "ఈ దుర్గాబాయి ఎవరు నాయనా?" అని అడిగాను. ఒకడు తడుముకోకుండా చెప్పాడు: "టిక్కెట్ లేదని నెహ్రూగారిని ఆపేశారండీ." "తర్వాత?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతలో స్టేషన్ వచ్చింది, దిగిపోయారు.

వాళ్లని ఏమీ అనను. మనం నేర్పిందే వాళ్లు ఒప్పజెప్పారు. స్వాతంత్ర్య సమరయోధులకి తలా ఒక కథ పంచిపెట్టి చేతులు కడుక్కున్నాం. ప్రకాశం పంతులుగారికి తుపాకీకి ఎదురొడ్డిన గుండె, పింగళి వెంకయ్యగారికి జెండా, దుర్గాబాయిగారికి గేటు. కథలు నిజమే. కానీ ఏటా పంద్రాగస్టుకి దింపి, దులిపి, మళ్లీ అటకెక్కించే సామాను అయిపోయాయి.

ఆ గేటు కథ 1923 నాటి కాకినాడ కాంగ్రెస్‌ది. ఖద్దరు ప్రదర్శన దగ్గర కాపలా ఉన్న ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు. అంతకు రెండేళ్ల ముందు జరిగినది నాకు ఇంకా పెద్ద కథ. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఆయన్ని దేవదాసీలతో, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతో కలిపించాలని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి తెస్తే చూద్దామన్నారు పెద్దలు. చిన్నపిల్ల, ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. ఆ దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. గాంధీగారి హిందుస్తానీని ఆ పిల్లే తెలుగు చేసి వినిపించింది. ఊళ్లో మర్యాదస్తులు గడప తొక్కనివ్వని ఆడవాళ్లు ఆ రోజు సభకు ముందు వరుస. ఇది వదిలేసి, గేటు దగ్గరే మనం ఎందుకు ఆగిపోయాం? అందులో నెహ్రూగారు ఉన్నారు కాబట్టేనని నా అనుమానం.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు వెళ్లారు. తమ మీద మోపిన కేసేమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడఖైదీలను అక్కడ చూశారు. బయటికొచ్చి, ఎప్పుడో వదిలేసిన చదువును మెట్రిక్ నుంచి అందుకుని లా దాకా లాక్కొచ్చారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఢిల్లీ వచ్చేనాటికి ఆమె న్యాయవాది. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ.

అక్కడ ఏం చేశారు? రాజ్యసభకు పోటీ చేయాలంటే 35 ఏళ్లు నిండాలని ప్రతిపాదన వచ్చింది. 30 చాలని ఆమె సవరణ తెచ్చారు. తెలివికీ వయసుకీ ముడి లేదని వాదించారు. సవరణ నెగ్గింది. రాజ్యాంగం 84వ అధికరణంలో ఈ రోజుకీ ఉన్న ఆ 30 ఆమె పెట్టిన అంకె. బడి వయసులోనే హిందీ నేర్చుకుని, హిందీ బడి పెట్టి, ఆడవాళ్లకు పాఠాలు చెప్పిన మనిషి 1949 సెప్టెంబరులో భాషల చర్చలో లేచి, హిందుస్తానీ కావాలిగానీ హిందీని ఇతరుల మీద రుద్దే ధోరణి చేటు చేస్తుందని నిలదీశారు. హిందీ రాని తెలుగువాడు ఆ మాటంటే ఈర్ష్య అనుకోవచ్చు. హిందీ పంతులమ్మ అంది! ఢిల్లీలో కాపురముంటున్న మనకు ఆ ప్రసంగం ఎంత పనికొస్తుందో వేరే చెప్పాలా?

1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. అదే ఏడు చైనాలో కుటుంబ న్యాయస్థానాలను చూసొచ్చి, అలాంటివి మనకూ కావాలని పోరారు. చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే వెళ్లిపోయారు.

ఇక జెండా. వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీగారికి నమూనా అందించిన సంగతి అందరికీ తెలుసు. 1931లో జెండా రంగులు తేల్చడానికి కాంగ్రెస్ ఒక సంఘం వేసింది. దాన్ని నడిపింది భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. ఆ సంఘం సిఫారసు చేసింది మూడు రంగుల జెండా కాదు, రాట్నం గుర్తుతో ఒకటే కాషాయ రంగు. కాంగ్రెస్ దాన్ని పక్కనపెట్టి మూడు రంగులే ఉంచింది. 1947 జులై 22న ఇక్కడ రాజ్యాంగ సభలో రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. వెంకయ్యగారిది బందరు దగ్గరి భట్లపెనుమర్రు, పట్టాభిగారు బందరులో వైద్యం చేసిన డాక్టరు. ఒకే జెండా మీద ఇద్దరి ఆలోచనలూ ఎంత దూరం! ఇంత రసవత్తరమైన చర్చను "జెండా రూపకర్త మనవాడే" అన్న ఒక్క ముక్కకు కుదించి, వెంకయ్యగారికీ మేలు చేయలేదు మనం.

ప్రకాశంగారి గురించి ఒక్క మాటే. మద్రాసులో సైమన్ కమిషన్ హర్తాళు నాడు తుపాకీ ముందు నిలబడేనాటికి ఆయన కేంద్ర శాసనసభ సభ్యుడు. గుండె ఎదురొడ్డింది మద్రాసు వీధిలో, కుర్చీ ఢిల్లీలో. ఆ కుర్చీలోంచి ఏమేం అడిగారో ఆనాటి చర్చల సంపుటాల్లో అచ్చయి ఉంది. మన పరిశోధక విద్యార్థులు ఆంధ్రాభవన్ భోజనానికి వెళ్లినన్ని సార్లు కాకపోయినా, అందులో సగం సార్లు పార్లమెంటు గ్రంథాలయానికి వెళ్తే చాలు.

దుర్గాబాయి, పట్టాభి, ప్రకాశం, రంగా, అల్లాడి కృష్ణస్వామి, మోటూరి సత్యనారాయణ వంటివారి రాజ్యాంగ సభ ప్రసంగాలు ఒక్కచోట, మంచి తెలుగులో, అర్థమయ్యే టీకతో కావాలి. చర్చ సాయంత్రం గోష్ఠిలో చేద్దాం. ఎవరు ఏ సంపుటం తీసుకుంటారో పేర్లు ఇక్కడే రాసుకుందాం.

ఇప్పుడు పత్రాలు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. టిక్కెట్ లేకపోతే నెహ్రూగారినే ఆపిన మనిషి గురించి ఇంతసేపు చెప్పాను కాబట్టి, గడువు దాటితే నేను ఎవరనీ చూడను. మొదటి వక్త రావాలి.